ఉప్పు చూడలేని రోజులు

మాది బరంపురం. బడాబజారు దగ్గర సందులో అప్పడాలు, వడియాలు, పచ్చళ్లు పెట్టి అమ్మే ఇల్లు. మా అత్తగారి అత్తగారి నాటి పని. 1936 ఏప్రిల్ 1న మా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి ఒడిశాలో కలిసినప్పుడు కచేరీ కాగితాల్లో భాష మారింది గానీ మా పెరట్లో రోలు ఎక్కడున్నది అక్కడే ఉంది. ఒరియా వాళ్లకి ఆవనూనెతో ఒక జాడీ, మనవాళ్లకి నువ్వులనూనెతో ఒక జాడీ పెడతాం. రెంటికీ ఉప్పు చూసేది నేనే. కాపరానికి వచ్చిన కొత్తలో అత్తగారు నా నాలిక్కి పరీక్షలు పెట్టి మరీ ఆ పని అప్పగించారు. కలిపిన రోజున ముక్క నోట్లో వేసుకుంటే మూడోనాటికి ఊట ఎంతొస్తుందో, ఉప్పు ఎంత చాలకపోతుందో చెప్పగలను.

ఈ సంగతి ముందే ఎందుకు చెప్తున్నానంటే, నేను వాడింది ఆకలిని అణిచే ఇంజెక్షను. ఆకలి తగ్గితే ఇంకేం కావాలి అంటారు వినేవాళ్లు. ఆకలి మీద, నాలిక మీద గడిచే ఇంట్లో అది తగ్గితే ఏమవుతుందో నేను చూశాను. అలాగని మందు చెడ్డదని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఇప్పటికీ వాడుతున్నాను.

2025 వేసవికి నాకు నలభై ఎనిమిదేళ్లు. ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం, బరువు 92 కిలోలు. షుగరు వచ్చి చాన్నాళ్లయింది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వేసుకుంటున్నా మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఎనిమిదిన్నర దగ్గరే ఉండేది. మోకాళ్లు అరిగాయి. నిద్రలో ఊపిరాగి ఉలిక్కిపడి లేచేదాన్ని. మా ఊళ్లో రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణి యాత్ర జరుగుతుంది. ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంటుంది ఆ రోజుల్లో. అమ్మవారి ఘటం మా వీధి మలుపు దాకా వస్తే అక్కడికి నడవలేక అరుగు మీద కూర్చుని దణ్ణం పెట్టుకున్నాను. తిండి తగ్గించి చూడలేదా అంటే, చూశాను. రాత్రిళ్లు రొట్టె, పొద్దున్నే నడక, నెలంతా ఉడకబెట్టిన కూరలు. నాలుగు కిలోలు తగ్గడం, పండక్కి ఐదు పెరగడం. ఇదంతా లావుగా ఉన్న ప్రతి ఆడదానికీ తెలిసిన కథే, సాగదీయను.

మా అమ్మాయి విశాఖపట్నంలో ఉంటుంది. అక్కడ హార్మోన్ల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్తానంది. బరంపురం వాళ్లకి ఇది అలవాటే. చిన్న జబ్బుకి మా ఊళ్లోని ఎంకేసీజీ ఆస్పత్రి, పెద్దదైతే అటు భువనేశ్వరం, ఇటు విశాఖ. తెలుగు ఇళ్లవాళ్లం ఎక్కువగా విశాఖ రైలే ఎక్కుతాం. మా అత్తగారికి మాత్రం ఇష్టం లేదు. ఆవిడకి కారణం ఉంది. మా పెద్దాడబడుచు ఒకప్పుడు సిబుట్రామిన్ అనే సన్నబడే బిళ్లలు వాడి, గుండె దడతో ఆస్పత్రిలో పడింది. గుండెపోటు, పక్షవాతం ముప్పు పెరుగుతోందని ఆ మందుని 2011లో మన ప్రభుత్వం నిషేధించింది.

"సిక్కే మందులు మనకొద్దే తల్లీ. దానికి గుండె దడొచ్చి సచ్చి బతికింది, అప్పుడే మరిసిపోనావేటి?" అన్నారు.

ఆవిడ భయాన్ని డాక్టరుగారికి అలాగే చెప్పాను. ఆయన నవ్వలేదు. ఆ మందు మెదడులోనూ గుండె మీదా ఒకేలా దూకేదనీ, ఇది వేరనీ చెప్పారు. తిన్నాక మన పేగుల్లో పుట్టే హార్మోన్లు కొన్ని ఉంటాయట, కడుపు నిండిందని చెప్పేవి, ఇన్సులిన్‌ని ఊరించేవి. వాటిలో ఒకదాన్ని పోలిన పదార్థం అమెరికాలో గిలా మాన్‌స్టర్ అనే ఉడుంలాంటి జంతువు విషంలో దొరికింది. దాన్ని 1992లో జాన్ ఇంగ్ అనే ఆయన కనిపెడితే, 2005కి షుగరు మందుగా వచ్చింది. అక్కడి నుంచి ఒకదాని తర్వాత ఒకటి. నాకు రాసిన టిర్జెపటైడ్ రెండు హార్మోన్ల పని ఒక్కటే చేస్తుంది. మౌంజారో పేరుతో 2025 మార్చిలో మన దేశంలోకి వచ్చింది. ఉడుం విషం మాట మా అత్తగారికి చెప్పకూడదని మా అమ్మాయీ నేనూ రైల్లోనే అనుకున్నాం.

రాసే ముందు ఆయన అడిగిన ప్రశ్నలు ఇప్పుడు నేను ఎవరు అడిగినా అప్పచెప్తాను. మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా థైరాయిడ్ క్యాన్సర్, అందులో మెడ్యులరీ రకం వచ్చిందా? మీకు ఎప్పుడైనా పాంక్రియాస్ వాచిందా? పిత్తాశయంలో రాళ్లున్నాయా? కిడ్నీ పరీక్ష ఎప్పుడు చేయించారు? కంటి వెనక నరాల పరీక్ష? షుగరు ఒక్కసారిగా దిగితే కళ్లలో ఉన్న దెబ్బ ముదరొచ్చట, అందుకని ముందు కంటి డాక్టరు దగ్గరికి పంపించారు. గ్లిమిపిరైడ్ సగానికి తగ్గించారు. ఆకలి లేక తిండి తగ్గి, ఆ బిళ్ల మాత్రం పూర్తిగా పడితే షుగరు పడిపోయి రోలు దగ్గరే ఒరిగిపోతానన్నారు.

చివర్లో ఒక మాటన్నారు. "అమ్మా, ఇది కోర్సు కాదు. బీపీ బిళ్లలాంటిది. వాడినన్నాళ్లే పనిచేస్తుంది." లెక్కలు కూడా చూపించారు. డెబ్భై రెండు వారాల పరిశోధనలో 5 మి.గ్రా. మోతాదు వాడినవాళ్లు సగటున 15 శాతం, 15 మి.గ్రా. వాడినవాళ్లు 20.9 శాతం తగ్గారు. మరో పరిశోధనలో అందరికీ కొన్నాళ్లు మందిచ్చి, తర్వాత కొందరికి తెలియకుండా ఉత్తుత్తి ఇంజెక్షన్లు ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి వాళ్లు సగటున 14 శాతం మళ్లీ పెరిగారు. మందు సాగినవాళ్లు ఇంకో ఐదున్నర శాతం తగ్గారు. ఈ లెక్క విని మా ఆయన జేబు తడుముకున్నారు.

ఆయన తడుముకోవడంలో తప్పేం లేదు. అప్పట్లో అది పెన్నుగా దొరికేది కాదు, చిన్న సీసా. 2.5 మి.గ్రా. సీసా 3,500 రూపాయలు, 5 మి.గ్రా. సీసా 4,375. వారానికొకటి. అంటే మొదటి నెల పద్నాలుగు వేలు, తర్వాత పదిహేడున్నర వేలు. అప్పడాల మీద అంత మిగలాలంటే ఎంత మినపపిండి దంచాలో నాకు తెలుసు. మా మరిది ఒక ఉపాయం చెప్పాడు. "వదినా, పెద్ద సీసాకి తొమ్మిది వందలు కూడా ఎక్కువ కాదు. పెద్దదే కొని సగం ఈ వారం, సగం వచ్చే వారం గుచ్చుకో." వినడానికి బ్రహ్మాండంగా ఉంది. డాక్టరుగారికి ఫోన్ చేస్తే ససేమిరా అన్నారు. ఆ సీసాలో నిలవ ఉంచే మందు కలపరు, ఒకసారి సూది దిగాక మిగిలింది పారబోయాల్సిందే, లేకపోతే చీము పట్టే పురుగుని వారం తర్వాత చేతులారా ఎక్కించుకోవడమే అన్నారు. జాడీలో తడి గరిటె పెడితే ఏమవుతుందో తెలిసిన మనిషిని, నాకు ఇంకో మాట అక్కర్లేకపోయింది.

సూది సంగతి కూడా చెప్పాలి. మందుల షాపులో ఇన్సులిన్ సిరంజి అడిగితే ఎర్ర మూతది ఇచ్చాడు. అది యూ-40. మన దేశంలో యూ-40, యూ-100 రెండూ నడుస్తాయి. సీసాలో ఉండేది అర మిల్లీలీటరు. యూ-100 సిరంజి మీద అది 50 గీత, యూ-40 మీద 20 గీత. కాగితం మీద 50 అని రాసుంటే చేతిలో ఉన్నది ఎర్ర మూతదయితే గందరగోళమే. డాక్టరుగారి దగ్గర నర్సు ముందే రెండూ పక్కపక్కన పెట్టి చూపించింది కాబట్టి వెనక్కిచ్చి ఆరెంజ్ మూతది తెచ్చుకున్నాం. బొడ్డుకి రెండంగుళాలు పక్కగా, వారం వారం చోటు మారుస్తూ గుచ్చుకోవాలి. నొప్పి చీమ కుట్టినంత కూడా లేదు.

మొదలుపెట్టింది మే నెల, ఆవకాయ రోజులు. రెండో వారానికి తలలో ఏదో రొద ఆగిపోయింది. పొద్దున లేస్తూనే ఏం తినాలి, పదకొండింటికి ఏం నోట్లో వేసుకోవాలి, రాత్రి మిగిలిన గారె ఎవరు తింటారు, ఇవన్నీ నాకు తెలియకుండానే లోపల తిరుగుతూ ఉండేవని అవి ఆగాక తెలిసింది. అదొక విశ్రాంతి. ఎన్నేళ్లుగానో నన్ను తిండిపోతు అన్నవాళ్లందరినీ పిలిచి చెప్పాలనిపించింది: నాకు నిగ్రహం లేక కాదు, నా లోపల మీకు లేని రొద ఒకటుండేది అని.

ఆ వెంటనే వికారం. ఆవపిండి జల్లెడ పడుతుంటే కడుపులో తిప్పేది. ఆవనూనె కాగే వాసనకి పెరట్లోకి పరిగెత్తేదాన్ని. ముక్క నోట్లో పెట్టుకుంటే ఉప్పుందో లేదో తెలియదని కాదు, తెలుసుకోవాలనే లేదు. నాలిక మీద అది ఉన్నా లేనట్టే. మా దగ్గర పనిచేసే ఒరియా అమ్మాయి "మావుసీ, చూడండి" అని గరిటె చాపితే మొహం తిప్పుకునేదాన్ని. ఆ ఏడు ఆవకాయకి ఉప్పు చూసింది మా ఆయన. ఛత్రపురం నుంచి, పర్లాకిమిడి నుంచి పాతికేళ్లుగా తెప్పించుకునేవాళ్లు ఫోన్లు చేశారు. ఒకాయన "ఏమండీ, సముద్రం నీళ్లతో కలిపారా?" అని అడిగారు. మా ఆయన ఆ ఫోన్ నాకిచ్చి బయటికి వెళ్లిపోయారు.

వికారానికి ఏం చేశానంటే, పళ్లెం మార్చాను. చంటిపిల్లలకి పెట్టే చిన్న పళ్లెం. నిండింది అని లోపల మొదటి మాట వినపడగానే చెయ్యి కడిగేయడం, ఇంకో రెండు ముద్దలే కదా అని కూర్చుంటే ఆ రెండు ముద్దలే బయటికొస్తాయి. వేపుళ్లు, నూనె మానేశాను. మధ్యాహ్నం పల్చటి పఖాళొ, మన చద్దన్నమే, పెరుగుతో రెండు గరిటెలు. నీళ్లు దాహం వేస్తే తాగుదామంటే దాహం కూడా వేయదు ఈ మందుకి. అందుకని చెంబు పక్కనే పెట్టుకుని గంటగంటకీ తాగడం. బరంపురం వేసవిలో పొయ్యి దగ్గర పనిచేసే మనిషి వాంతులతో ఎండిపోతే కిడ్నీల మీదికొస్తుందని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. మలబద్ధకానికి ఇసబ్‌గోల్. ఒక తిప్పలేమిటంటే, బిళ్ల పడకపోతే రేపటికి దాని ప్రభావం పోతుంది, ఇది పోదు. ఒంట్లో సగం తగ్గడానికే ఐదు రోజులు పడుతుంది. గుచ్చుకున్నాక ఆ వారం భరించాల్సిందే. నాలుగు వారాలకి తక్కువ కాకుండా ఒక మోతాదు మీద ఉండి, ఒళ్లు ఒప్పుకుంటేనే పైకి వెళ్లమనేది అందుకే.

5 మి.గ్రా., తర్వాత 7.5. అప్పటికి నెలంతటికీ సరిపోయే పెన్ను కూడా వచ్చింది. దసరాకి 78 కిలోలకి దిగాను. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. పాత జాకెట్లు కుట్టు విప్పి మళ్లీ కుట్టించాను. గ్లిమిపిరైడ్ పూర్తిగా తీసేశారు. గిరి రోడ్డు దాకా నడిచి కూరలు తెచ్చుకున్నాను.

అప్పుడే రోకలి ఎత్తలేకపోవడం మొదలైంది. అప్పడాల పిండి కలిపి ఊరుకుంటే సరిపోదు, నూనె చెయ్యి చేసుకుని రోట్లో వేసి రోకలితో దంచాలి. పిండి మెత్తబడి, సాగి, మైనంలా తిరగాలి. మెషీన్లు వచ్చాయి గానీ మా గిరాకీలు చేత్తో దంచిన అప్పడమే అడుగుతారు. 92 కిలోలున్నప్పుడు ఆయాసపడుతూ అయినా వాయి వాయి దంచేదాన్ని. ఇప్పుడు ఆయాసం లేదు, చేతుల్లో సత్తువ లేదు. సగం వాయికే భుజాలు వణికాయి. మినుముల బస్తా ఇదివరకు అటు కొస నేను పట్టేదాన్ని, ఇప్పుడు పట్టు జారిపోతోంది. సన్నబడటం అంటే కొవ్వొక్కటే కరగడం కాదు, కండ కూడా పోతుంది. తిండి తగ్గినవాళ్లు, అందులోనూ మాంసకృత్తులు తగ్గించినవాళ్లు, ఎక్కువ పోగొట్టుకుంటారు. రెండు ముద్దల పఖాళొలో ఏముంటుంది? త్రాసు దగ్గర చప్పట్లు కొట్టినవాళ్లెవరూ రోలు దగ్గరికి రాలేదు.

అక్టోబరు చివర మొంథా తుపాను. అది ఆంధ్రలో తీరం దాటినా మాకు గాలివాన తప్పలేదు, కరెంటు పోయింది. ఫ్రిజ్‌లో పెన్ను. మా ఊరికి తుపానంటే 2013 ఫైలిన్ గుర్తొస్తుంది, గోపాలపురం దగ్గర తీరం దాటి మమ్మల్ని రోజుల తరబడి చీకట్లో ఉంచింది. అందుకని డాక్టరుగారి దగ్గరి నర్సుకి ముందే ఫోన్ చేసి అడిగి ఉంచుకున్నాను. వాడకం మొదలెట్టిన పెన్ను 30 డిగ్రీల లోపు నెల్లాళ్లు బయట ఉండొచ్చు, గడ్డకడితే మాత్రం పారేయాలి, ఐసు ముక్కల మీద నేరుగా పెట్టకూడదు. తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో, పొడి డబ్బాలో పెట్టాను. మందుకేమీ కాలేదు.

నాకే అయింది. నవంబరులో ఒక రాత్రి కుడి డొక్క కింద మొదలై, వీపులోంచి కుడి భుజం దాకా పాకిన నొప్పి. పురుళ్లు పోసుకున్నదాన్ని, నొప్పి తెలుసు నాకు. ఇది వేరు. కూర్చోనివ్వదు, పడుకోనివ్వదు, కదిలితే తగ్గదు, కదలకపోతే తగ్గదు. చెమటలు, వాంతి. దగ్గర్లో ఉన్న ఒక ఆస్పత్రికి తీసుకెళ్తే గ్యాసన్నారు. ఇంజెక్షనొకటి చేసి పంపించారు. తెల్లారి తగ్గింది, మర్నాడు రాత్రి మళ్లీ. అప్పుడు మా అమ్మాయి ఫోన్‌లో అడిగింది. "అమ్మా, నువ్వు వారం వారం గుచ్చుకునే మందు సంగతి వాళ్లకి చెప్పావా?" ఏమైనా మందులు వాడుతున్నారా అని అడిగితే బిళ్లల పేర్లే చెప్తాం ఎవరమైనా. అదీగాక అడిగినాయన కాగితం మీంచి తల ఎత్తలేదు.

వేరేచోట స్కాను తీశారు. పిత్తాశయం నిండా చిన్నచిన్న రాళ్లు, గోడ వాచింది. మేలో తీసిన స్కానులో ఒక్కటీ లేదు. రక్తంలో లైపేజ్ చూశారు, పాంక్రియాస్‌కి రాలేదు. పైత్యపు గొట్టంలోకి రాయి జారలేదు, కామెర్లు లేవు. ఆ రెండింటిలో ఏదున్నా కథ మరోలా ఉండేదట. గబగబా బరువు తగ్గితే కొవ్వు పైత్యరసంలోకి ఎక్కువగా దిగి రాళ్లు కడుతుందనీ, తక్కువ తిండికి పిత్తాశయం సరిగ్గా ముడుచుకోక రసం నిలవ ఉండిపోతుందనీ చెప్పారు. ఆపరేషన్‌తో పొట్ట చిన్నది చేయించుకున్నవాళ్లకీ, కడుపు మాడ్చుకున్నవాళ్లకీ వస్తుంది ఇది. ఈ ఇంజెక్షన్ల కాగితం మీద కూడా పిత్తాశయం మాట రాసే ఉంటుంది.

పిత్తాశయం తీయించుకోవడానికి ఎక్కిన విశాఖ రైలు అంత పొడుగున్నట్టు ఎప్పుడూ అనిపించలేదు. పలాస దాటేదాకా కళ్లు మూసుకునే ఉన్నాను. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో మా ఆయన టీ కొన్నారు, ఆ వాసనకి మొహం పక్కకి తిప్పుకున్నాను.

మత్తు డాక్టరుగారు మాత్రం అన్నిటికంటే ముందు ఆ ఇంజెక్షన్ గురించే అడిగారు. ఎప్పుడు గుచ్చుకున్నారు, ఎంత మోతాదు, ఇప్పుడు వికారం ఉందా. ఈ మందు మీద కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది. రాత్రి నుంచి ఏమీ తినకపోయినా నిన్నటి అన్నం కడుపులోనే ఉండొచ్చు. మత్తులో అది పైకెగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. అందుకని ముందు రోజంతా ద్రవాలే ఇచ్చారు, మత్తిచ్చే ముందు కడుపు మీద స్కాను పెట్టి ఖాళీగా ఉందని చూసుకున్నారు. ఈ జాగ్రత్త గురించి నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. పన్ను పీకించుకోవడం దగ్గర్నుంచి ఏ మత్తుకైనా ముందు చెప్పాల్సిన మాట ఇది.

ఆపరేషన్ చిన్న రంధ్రాలతోనే అయిపోయింది. దానికైన ఖర్చుతో ఇంజెక్షన్ ఆగిపోయింది. డబ్బొక్కటే కాదు, భయం కూడా. మా అత్తగారు "ఇంక సాలు" అన్నారు. నాకూ చాలనిపించింది.

మొదటి రెండు వారాలు ఏమీ తెలియలేదు. తర్వాత ఆకలి తిరిగొచ్చింది. మామూలు ఆకలి కాదది. అన్నం తిని చెయ్యి తుడుచుకుంటుంటే మళ్లీ మొదలయ్యేది. రాత్రి రెండింటికి లేచి వంటింట్లో నిలబడి చేగోడీలు తిన్నాను, దీపం వేయకుండా. పోయిన కిలోలన్నిటినీ వెనక్కి లాక్కోవాలని ఒళ్లు పంతం పట్టినట్టుండేది. నా మనసు బలహీనం అని ఎవరైనా అంటే కొట్టేదాన్నేమో. ఒక సంతోషం మాత్రం ఉంది, నాలిక తిరిగొచ్చింది. నిమ్మకాయ పచ్చడికి ఉప్పు చూసి "ఇంకో గుప్పెడు పడాలి" అన్నాను. మా ఆయన ఊపిరి పీల్చుకున్నారు.

సంక్రాంతికి ఏడు కిలోలు వెనక్కి వచ్చాయి. గ్లిమిపిరైడ్ తీసేశారు కదా, ఇటు ఇంజెక్షనూ లేదు, షుగరు పొద్దున్నే రెండొందలు దాటింది. మందు ఆపితే దాని కోసం తగ్గించిన మందుల లెక్క కూడా మళ్లీ చూసుకోవాలి. ఆపడమంటే కొనడం మానేయడమే అనుకుంటారు అందరూ.

ఫిబ్రవరిలో డాక్టరుగారు మళ్లీ మొదలెట్టమన్నారు. పెట్టెలో మిగిలిన 7.5 పెన్ను వాడొచ్చా అని అడిగితే వద్దన్నారు. ఇన్ని వారాలు తప్పాక ఒళ్లు అలవాటు మరిచిపోతుంది, మళ్లీ 2.5 నుంచే. ఈసారి 5 దగ్గరే ఆగుదామన్నారు, నేనే అడిగాను కూడా. వారానికి అరకిలో తగ్గినా చాలు, పచ్చడి రుచి తెలియాలి నాకు. పెద్ద మోతాదే పెద్ద గొప్ప కాదు. ఏ మోతాదు మీద మనిషి తినగలదో, పని చేయగలదో, కొనగలదో అదే ఆ మనిషి మోతాదు అని ఆయనే అన్నారు.

ఇప్పుడు ముందు తినేది మాంసకృత్తులే. పొద్దున రెండు గుడ్లు. పంచదార కలపని ఛెనా, మన పాలవిరుగుడు, ఇక్కడ ఏ మిఠాయి కొట్లోనైనా దొరుకుతుంది, అది ఒక గిన్నె. గోపాలపురం చేప, లేని రోజున ఉలవలు. అన్నం ఆఖర్న, చోటుంటే. ఫిజియోథెరపీ అమ్మాయి కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం నేర్పింది, నీళ్ల సీసాలు ఎత్తించింది. నెల పోయాక "మీ ఇంట్లో రోకలుంది కదా, ఇవన్నీ ఎందుకు" అని అదే నవ్వింది. రోజు విడిచి రోజు దంచుతున్నాను. మొదట కాలు వాయి, తర్వాత అర. ఇప్పుడు పూర్తి వాయి దంచి, ఇంకొకటి వేయమంటున్నాను. త్రాసు వారానికోసారి ఎక్కుతాను, రోకలి లెక్క మాత్రం గోడ మీద క్యాలెండరులో రాసుకుంటాను.

బరువు 80 దగ్గర నిలబడింది. మన దేశపు లెక్కలో బీఎంఐ 25 దాటితే ఊబకాయమే, నాది ఇంకా 33. చీరకట్టు ఫోటోల్లోని మనిషిలా అవను. హెచ్‌బీఏ1సీ 6.7. గ్లిమిపిరైడ్ లేదు. రాత్రి ఊపిరాగడం లేదని మా ఆయన చెప్తున్నారు, ఆయనకీ నిద్ర పడుతోంది మరి.

మార్చిలో సెమాగ్లూటైడ్ పేటెంటు గడువు మన దేశంలో తీరిపోయింది. అది నా మందుకి అక్క వరస మందు, వారానికోసారి గుచ్చుకునేదే. చవగ్గా దొరికితే దానికి మారిపోనా అని డాక్టరుగారిని అడిగాను. మారొచ్చు గానీ 5 మి.గ్రా.కి 5 మి.గ్రా. అని మార్చే లెక్క కాదు, ఆ మందు మామూలుగా వారానికి 2.4 దాకానే, అదీ 0.25తో మొదలవుతుంది, తాను రాయకుండా షాపువాడు ఇచ్చింది తీసుకోవద్దన్నారు. వచ్చే నెల చూస్తారు.

ఈ మధ్య మా వీధి చివరి ఇంటావిడ వచ్చింది. వాళ్లమ్మాయికి పెళ్లి కుదిరింది, రెండు నెలల్లో ముహూర్తం. పది కిలోలు తగ్గాలట. "వదినగారూ, మీ డాక్టరు చీటీ ఫోటో తీసి ఇయ్యండి చాలు. జిమ్ము కుర్రాడు సగం ధరకి తెప్పిస్తానంటున్నాడు" అంది. ఆ పిల్లని చూశాను. వెదురు బద్దలా కాకపోయినా చక్కగా ఉంది, షుగరు లేదు, బీపీ లేదు. కూర్చోబెట్టి అడిగాను. మీ ఇళ్లల్లో థైరాయిడ్ క్యాన్సరెవరికైనా ఉందా? పెళ్లయ్యాక పిల్లలెప్పుడనుకుంటున్నారు? గర్భం మీద ఇది వాడకూడదు. పిల్లలు వద్దనుకుని బిళ్లలు వేసుకుందామన్నా, మొదలెట్టినప్పుడూ మోతాదు పెంచినప్పుడూ నాలుగేసి వారాలు ఆ బిళ్లలు సరిగ్గా పనిచేయకపోవచ్చు. జిమ్ము కుర్రాడి సీసాలో ఏముందో ఎవరు చూశారు? ఈ రకం మందుల్లో నకిలీలు తిరుగుతున్నాయని 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థే హెచ్చరించింది. పెళ్లిపీటల మీద వాంతి చేసుకుంటే ఎవరు తుడుస్తారు? పెళ్లయ్యాక ఆపితే పన్నెండు పెరుగుతుంది, అప్పుడు అత్తగారేమంటుంది? అని నా కడుపు మీది మచ్చలు చూపించాను.

ఆవిడ లేచి వెళ్లిపోయింది. నేను సన్నబడి ఎదుటివాళ్లని సన్నబడనివ్వనని వీధిలో చెప్పుకుందట. నాతో మాటల్లేవు. పెళ్లి అప్పడాలకి మాత్రం మనిషిని పంపింది. పది కిలోలు, చేత్తో దంచినవే కావాలట.